టంకపు సంధి – మెరుపు చెప్పని మాట

సంస్కృతంలో టంకణమంటే వెలిగారం. బంగారు తునకలను అతికే కంసాలి అతుకు చోట వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంటను దానిమీదికి మళ్ళిస్తాడు. వెలిగారం కరిగి లోహం మీది మలినపు పొరను తనలో కలుపుకొంటుంది. శుభ్రపడిన లోహాన్ని కరిగిన టంకము పట్టుకొంటుంది. అతికే లోహాన్నే మనం తెలుగులో టంకమని వ్యవహరిస్తున్నాము. ఈ రెండు మాటలూ ఒకే కుటుంబానివని నాకు తోస్తుంది. ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవారు వెలిగారానికి బదులు నవాసారం వాడేవారు. నేటి ఎలక్ట్రానిక్ పరికరాలలో ఆ పని చేసేది పైన్ చెట్టు జిగురు నుండి తీసిన రోజిన్. పదార్థాలు మారినా సూత్రం ఒక్కటే. మలినం తొలగనిదే సంధి కుదరదు.

సంధి అన్న మాటను ఇక్కడ కేవలం అలంకారం కోసం వాడటం లేదు. గుణసంధిలో అకారము, ఇకారము కలిస్తే వచ్చే ఏకారము ఆ రెండింటిలో ఏదీ కాదు. టంకములోని తగరము రాగితో కలిసినచోట కూడా అటు రాగీ కాని, ఇటు తగరమూ కాని ఒక కొత్త సమ్మేళనపు పొర ఏర్పడుతుంది. ఆ సన్నని పొరయే అతుకుకు ప్రాణం. వేడి చాలక టంకము రాగిపై ఊరక కూర్చున్నదనుకోండి, అది సంధి కాదు, విసంధి. పనివారు దానిని ‘కోల్డ్ జాయింట్’ అంటారు.

తగరము, సీసము కలిపి అతకడం రోమనుల నాటికే ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో రెండుపాళ్ళు సీసము, ఒకపాలు తగరము కలిపిన మిశ్రమంతో గొట్టాలను అతికేవారని చెప్పాడు. ఇరవయ్యవ శతాబ్దంలో విద్యుత్ పరికరాలు వచ్చాక పాళ్ళు తారుమారైనవి. నూటికి 63 పాళ్ళు తగరము, 37 పాళ్ళు సీసము కలిస్తే ఆ మిశ్రమం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద నడుమ ముద్దదశ ఏదీ లేకుండా ఒక్కసారిగా కరుగుతుంది, అలాగే ఒక్కసారిగా గడ్డకడుతుంది. బాగా కుదిరిన అతుకు అద్దంలా మెరుస్తుంది. 1964లో నాసా సంస్థ చేతితో వేసే టంకానికి నాణ్యతా నిబంధనలు ప్రకటించింది. నున్నగా, నిగనిగలాడుతూ ఉండటం మంచి అతుకుకు లక్షణమని అటువంటి నిబంధనల మూలంగా రెండు తరాల పనివారికి అలవడింది.

ఈ లక్షణం చెల్లని కాలం వచ్చింది. సీసము విషం, పారవేసిన పరికరాల నుండి నేలలోనికి, నీటిలోనికి చేరుతుంది. 2006 జూలై 1 నుండి ఐరోపా సమాఖ్య గృహోపయోగ విద్యుత్ పరికరాలలో సీసానికి 0.1 శాతం హద్దు విధించింది. 2012 మే 1న అమలులోకి వచ్చిన మన దేశపు ఈ-వ్యర్థాల నియమాలలోనూ అదే హద్దు పెట్టారు. సీసము స్థానంలో వచ్చిన మిశ్రమాలలో ప్రసిద్ధమైనదానిలో 96.5 శాతం తగరము, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి. అది కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. చల్లారాక దాని ముఖం సహజంగానే కాస్త మసకగా, గరుకుగా ఉంటుంది. మసకబారినదెల్లా చెడ్డదన్న పాత కొలతతో చూస్తే మంచి అతుకులను కూడా ఊడబెరుకుతాము.

అతుకును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చెప్పే విషాద గాథ ఒకటుంది. 2014 డిసెంబరు 28న ఇండోనేషియాలోని సురబయ నుండి సింగపూరుకు బయలుదేరిన ఎయిర్ ఏషియా విమానం జావా సముద్రంలో కూలి 162 మంది మరణించారు. దాని తోకలోని చుక్కాని కదలికకు హద్దులు పెట్టే పరికరంలో టంకపు అతుకు చిట్లిందని 2015 డిసెంబరులో ఇండోనేషియా దర్యాప్తు సంఘం తేల్చింది. వేడి, చలి మార్చిమార్చి తగలడం వల్ల ఏర్పడిన చీలిక అది. కూలడానికి ముందు పన్నెండు నెలల్లో ఆ లోపం 23 సార్లు తల ఎత్తింది. కేవలం ఆ చీలికే విమానాన్ని కూల్చలేదు. పదేపదే వచ్చే హెచ్చరికను ఆపడానికి చేసిన ప్రయత్నం, దాని తరువాత విమానం అదుపు తప్పడం కూడా కారణాలే. అయినా వచ్చిపోయే లోపాన్ని తగ్గిన లోపంగా భావించరాదన్నది ఈ గాథ నేర్పే పాఠం.

నేటి యువకులు సరదాగా కట్టుకొనే డ్రోనుకూ ఈ పాఠం వర్తిస్తుంది. నాలుగు మోటార్లు, ఒక్కొక్కదానికి మూడు తీగలు, మొత్తం పన్నెండు అతుకులు; బ్యాటరీవి రెండు అదనం. ఒక్క మోటారు తీగ ఊడినా సాధారణంగా ఆ యంత్రం తలకిందులై పడుతుంది. దాని రెక్కలు మనిషి వేళ్ళను కోయగలవు. కనుక పరీక్ష అవసరం. మొదట బ్యాటరీ తీసివేయాలి. భూతద్దంతో చూడాలి. టంకము అంచు రాగిపైకి పలుచగా పారి ఉండాలి, నీటిబొట్టులా గుండ్రంగా నిలబడరాదు. తీగ చుట్టూ ఉంగరం వంటి గీత కనిపిస్తే అది చీలిక. తీగను మెల్లగా కదిపి చూడాలి. మల్టీమీటరు కూత పెట్టినంత మాత్రాన నమ్మరాదు. మీటరు పంపేది అతి స్వల్ప విద్యుత్తు. మోటారు లాగేది పదుల ఆంపియర్లు. సన్నని పోగు మీటరును మెప్పించగలదు గాని మోటారును మోయలేదు.

మా పల్లెలో చిల్లుపడిన బిందెకు మాటు వేయించిన ఇల్లాలు అందులో నీళ్ళు పోసి, కారడం లేదని చూసుకొన్నాకే కూలి ఇచ్చేది. మాటు మెరుపును ఆమె లెక్కచేసేది కాదు. డ్రోనుకూ అటువంటి పరీక్ష ఉంది. ధన, రుణ తీగల మధ్య మీటరు నిలకడగా కూయరాదు. తరువాత తొలిసారి బ్యాటరీ తగిలించేటప్పుడు వరుసలో ఒక బల్బు పెట్టాలి. తీగలు ఎక్కడైనా పొరపాటున కలిసి ఉంటే బల్బు వెలుగుతూనే ఉంటుంది, పలక మాడదు.

బాగుచేసేటప్పుడు పాత టంకముపై కొత్తది కుప్పపోయడం పనికిరాదు. పాతది తీసి, రోజిన్ రాసి, తీగనూ రాగినీ రెండింటినీ కాచి, ఆ వేడికే టంకము కరిగేలా చేయాలి. బ్యాటరీ అతుకు చోట రాగి ఎక్కువ గనుక వేడిని తాగేస్తుంది. దానికి వెడల్పు మొన కావాలి. చల్లారేవరకు తీగ కదలరాదు. గొట్టాలకు వాడే ఆమ్లపు ద్రావకం ఈ పనికి వద్దు, అది రాగిని తినేస్తుంది. పైకి లేచే పొగ సీసానిది కాదు, రోజిన్‌ది. అదీ ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక కిటికీ తెరిచి ఉంచాలి. సీసపు తీగ పట్టుకొన్న చేతులు కడిగాకే అన్నం ముట్టాలి. చివరగా, తీగను చట్రానికి కట్టాలి. ఎగిరేటప్పుడు పుట్టే కంపనం అతుకుమీద కాక ఆ కట్టుమీద పడుతుంది.