వెతికితే దొరకని దుకాణం

2006 జూన్. బ్రిటన్‌లో ఆడమ్ రాఫ్, షివాన్ రాఫ్ దంపతులు కంప్యూటర్ ముందు కూర్చుని, తమ వెబ్‌సైట్ పేజీలు గూగుల్‌లో ఎన్నో స్థానంలో వస్తున్నాయో చూసుకుంటున్నారు. ఇద్దరిదీ కంప్యూటర్ రంగమే. మంచి జీతాలొచ్చే ఉద్యోగాలు వదులుకుని ‘ఫౌండెమ్’ మొదలుపెట్టారు. ఏ వస్తువు ఏ దుకాణంలో ఎంతకు దొరుకుతుందో, విమానం టికెట్టు ఎవరి దగ్గర చౌకో ఒక్కచోట చూపించే సైటు అది. చూసినవాళ్లు లింకు నొక్కి అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్తే వీళ్లకు కొంత సొమ్ము వస్తుంది. మనుషులు వస్తేనే ఆదాయం. గూగుల్‌లో పైన కనబడితేనే మనుషులు.

సైటు పూర్తిస్థాయిలో తెరుచుకుందో లేదో, వాళ్ల కళ్లెదుటే పేజీలు కిందికి జారడం మొదలైంది. ‘ధరల పోలిక’ అని వెతికేవాళ్లకు ఫౌండెమ్ ఎక్కడో అడుగున పడిపోయింది. గూగుల్‌లో చెత్త సైట్లను ఏరిపారేసే ఒక ఆటోమేటిక్ ఫిల్టర్ వీళ్ల సైటును కూడా ఆ జాబితాలో వేసింది.

పొరపాటున జరిగి ఉంటుందనే వాళ్లిద్దరూ అనుకున్నారు. చెబితే సరిచేస్తారనుకున్నారు. తప్పు తమ సైటులోనే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి కదా! ర్యాంకు పడిన ప్రతి చిన్న వ్యాపారీ చేయాల్సిన పని వాళ్లు అప్పుడు చేశారు. అవే మాటలు పెట్టి మిగతా సెర్చ్ ఇంజన్లలో వెతికారు. అక్కడ ఫౌండెమ్ మామూలుగానే కనబడుతోంది. పేజీలు తెరుచుకోకపోతే, లింకులు తెగిపోతే, రాసిన విషయంలో సరుకు లేకపోతే ఆ దెబ్బ అన్నిచోట్లా కనబడాలి. ఒక్క గూగుల్‌లోనే కనబడుతోందంటే కారణం అక్కడే ఉందని వాళ్లకు అర్థమైంది. తర్వాతి ఏళ్ల పోరాటం ఈ పోలికతోనే మొదలైంది.

గూగుల్ వాదన కూడా చెప్పుకోవాలి. ఇతర సైట్ల సమాచారాన్నే తిరిగి చూపిస్తూ సొంత సరుకు తక్కువగా ఉన్న పేజీలను తాము కిందికి దించుతామని, అది వెతికేవాళ్ల మేలు కోసమేనని ఆ సంస్థ చెప్పింది. అలాంటి నియమం ఉండటంలో తప్పు లేదు. కానీ ధరలు పోల్చే సైటు పనే పదిమంది ధరలు ఒకచోట చేర్చడం. ఆ పని గూగుల్ కూడా చేస్తోంది. 2002లో ‘ఫ్రూగుల్’ పేరుతో మొదలైన దాని సొంత సేవ తర్వాత గూగుల్ షాపింగ్ అయింది. బజారుకు వెళ్లే ఒకే దారి ఎవరి చేతిలో ఉందో వాళ్లే ఆ బజారులో దుకాణం కూడా పెడితే, పక్క దుకాణదారుడి గతేమిటి? రాఫ్ దంపతుల ప్రశ్న అదే.

అర్జీల మీద అర్జీలు పెట్టారు. రెండేళ్లు గడిచినా మార్పు లేదు. 2008 చివర్లో ఛానల్ 5 టీవీలో ‘గాడ్జెట్ షో’ కార్యక్రమం బ్రిటన్ మొత్తంలో ఉత్తమమైన ధరల పోలిక సైటుగా ఫౌండెమ్‌ను ఎంపిక చేసింది. టీవీలో చూసి మెచ్చుకున్నవాళ్లు కూడా గూగుల్‌లో వెతికితే దాన్ని పట్టుకోలేని పరిస్థితి!

ఇక లాభం లేదని నియంత్రణ సంస్థల తలుపు తట్టారు. 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ఆడమ్ వ్యాసం రాశాడు. 2010 నవంబరులో కమిషన్ అధికారికంగా దర్యాప్తు మొదలుపెట్టింది.

దర్యాప్తులో తేలిన అంకెలు చిన్న వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ గోడకు అంటించుకోవాల్సినవి. కంప్యూటర్‌లో వెతికేవాళ్ల క్లిక్కుల్లో 95 శాతం దాకా మొదటి పేజీలోని పది ఫలితాలకే పోతాయి. అందులో మొట్టమొదటి దానికే 35 శాతం. రెండో పేజీలో మొదట ఉన్నదానికి దక్కేది సుమారు 1 శాతం. అలాంటిచోట గూగుల్‌కు పోటీ సైట్లలో అందరికన్నా పైనున్నది కూడా సగటున నాలుగో పేజీలో కనబడుతోందని కమిషన్ చెప్పింది.

2017 జూన్ 27న కమిషన్ గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. గూగుల్ అప్పీలుకు వెళ్లింది. 2021లో ఓడింది. 2024 సెప్టెంబరు 10న యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం కూడా ఆ జరిమానాను సమర్థించింది.

కానీ ఫౌండెమ్ 2016లోనే మూతపడింది. జరిమానా సొమ్ము వీళ్లకు రాదు. తమ నష్టం కోసం వీళ్లు వేరే దావా వేసుకోవాల్సి వచ్చింది. న్యాయం గెలిచింది నిజమే, కానీ ఆ దంపతుల దుకాణం మాత్రం తిరిగి రాలేదు. ఇన్నేళ్లు పట్టే విచారణ చిన్న వ్యాపారికి సగం న్యాయమే అవుతుందని నా గట్టి నమ్మకం.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. మన ఇళ్లలో చాలామంది సంబంధాలు వెతికే తెలుగు మ్యాట్రిమొనీని నడిపే చెన్నై సంస్థ మ్యాట్రిమొనీ డాట్ కామ్, వినియోగదారుల సంస్థ కట్స్ వేర్వేరుగా గూగుల్‌పై ఫిర్యాదు చేశాయి. 2018 ఫిబ్రవరిలో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా సెర్చ్‌లో పక్షపాతం చూపినందుకు గూగుల్‌కు దాదాపు 136 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

పచ్చళ్లు, చేనేత చీరలు, కొండపల్లి బొమ్మలు వెబ్‌సైట్ పెట్టి అమ్ముకుంటున్న మీరంతా ఒక్క మాట వినండి. మీ సరుకు గురించి మీ మాటల్లోనే రాయండి, పక్క సైటు నుంచి ఎత్తిరాయకండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌ను తరచూ తెరిచి చూడండి. ర్యాంకు పడితే ‘వారంలో మొదటి స్థానం’ అనేవాళ్లకు డబ్బు కట్టేముందు అవే మాటలతో బింగ్‌లోనూ వెతికి చూడండి. కనబడిందాన్ని తేదీతో సహా భద్రపరచుకోండి. అన్నిటికన్నా ముందు, గూగుల్ దారి మూసుకుపోయినా చేరుకోగలిగేలా, మీ దగ్గర ఒక్కసారి కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు వాళ్ల అనుమతితో రాసిపెట్టుకోండి.