విజయనగరం యుద్ధ స్మృతి స్థలాలు

విజయనగరం యుద్ధ స్మృతి స్థలాలు అనగా పూసపాటి వంశీయుల విజయనగర సంస్థానాన్ని కుదిపివేసిన రెండు యుద్ధాలతో, అనగా 1757 నాటి బొబ్బిలి యుద్ధంతోను, 1794 నాటి పద్మనాభ యుద్ధంతోను ముడిపడిన ప్రదేశాలు. ఇవి విజయనగరం పట్టణంలోను, బొబ్బిలిలోను, విశాఖపట్నం జిల్లాలోని పద్మనాభంలోను ఉన్నాయి. ఇదే వంశీయుల ధర్మకర్తృత్వంలో ఉంటూ వచ్చిన రామతీర్థాన్ని కూడా యాత్రికులు ఈ ప్రయాణంలో కలుపుకొంటారు. ఇక్కడ కంటికి కనిపించేది తక్కువ, వినవలసినది ఎక్కువ. కావున ఈ స్థలాలను కథ తెలిసిన స్థానికులను వెంటబెట్టుకొని కాలినడకన చూడటం మేలు.

నేపథ్యం

1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల గుత్తను పొందిన విజయనగర ప్రభువు పెద విజయరామరాజు ఈ ప్రాంతంలో బలవంతుడయ్యాడు. పొరుగున ఉన్న బొబ్బిలి వెలమదొరలతో పూసపాటివారికి అప్పటికే వైరం ఉన్నది. బొబ్బిలివారు కోటను విడిచి వేరొక చోటికి పోవాలని వచ్చిన కోరికను రాజా రంగారావు తిరస్కరించగా, ఫిరంగులతో వచ్చిన బుస్సీ సేన, విజయరామరాజు సేన కలిసి కోటను ముట్టడించాయి. బుస్సీ దివానైన హైదర్ జంగ్ పన్నిన కుట్రయే దీనికి మూలమని జానపద కథలు చెబుతాయి.

విజయనగరంలో నడక

నడకను కోట వద్ద మొదలుపెట్టడం సౌకర్యం. 1713లో విజయదశమినాడు పునాది వేసిన ఈ రాతికోట పట్టణం నడిబొడ్డున కలదు. లోపల పూసపాటి వంశీయులు నెలకొల్పిన మాన్సాస్ సంస్థ విద్యాలయాలు ఉండటం వలన యుద్ధకాలపు కోటను ఊహించుకొనడానికి కొంత శ్రమపడవలసి ఉంటుంది. పెద విజయరామరాజు సేనతో బొబ్బిలిపైకి వెళ్ళి తిరిగి రానిది ఈ కోటకే.

కోట నుండి మూడు లాంతర్ల కూడలికి నడిస్తే పైడితల్లి అమ్మవారి చదురుగుడి వస్తుంది. ఈ అమ్మవారి కథ యుద్ధంతోనే పుట్టింది. స్థానిక కథనం ప్రకారం పైడిమాంబ విజయరామరాజు సోదరి. బొబ్బిలితో యుద్ధం వద్దని ఆమె అన్నను వేడుకొన్నది, ఆయన వినలేదు. కీడు జరగనున్నదని తోచి, పతివాడ అప్పలస్వామినాయుడు మొదలైనవారిని వెంటబెట్టుకొని బయలుదేరినది. అన్న మరణవార్త తెలిసి దారిలోనే మూర్ఛపోయినది. తాను ఇక జీవించనని, తన ప్రతిమ పెద్దచెరువులో దొరుకుతుందని చెప్పి కన్నుమూసినది. చెరువులో దొరికిన ఆ ప్రతిమను ఒడ్డున ప్రతిష్ఠించి కట్టిన ఆలయమే రైల్వేస్టేషనుకు సమీపంలోని వనంగుడి. చదురుగుడి తరువాత కట్టినది.

ఏటా విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవం ఈ జ్ఞాపకానికి బహిరంగ రూపం. అమ్మవారు పూజారికి కలలో చూపిందని చెప్పే చింతచెట్టును కొట్టి తెచ్చి పొడవైన మానుగా చెక్కుతారు. దాని చివర కట్టిన ఆసనంపై, అప్పలస్వామినాయుడి వంశానికి చెందిన పూజారి అమ్మవారి ప్రతిరూపంగా కూర్చుంటాడు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు సాగగా సిరిమాను చదురుగుడి నుండి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. కోట బురుజుపై నుండి రాజవంశీయులు దర్శనం చేసుకొంటారు. చెల్లెలు అన్న ఇంటిని చూడటానికి వస్తున్నదని పట్టణవాసులు భావిస్తారు. మామూలు రోజున కోటకు, గుడికి మధ్య నడిచే సందర్శకుడు నిజానికి సిరిమాను దారినే నడుస్తున్నాడు. ఈ నడకకు అంతకన్న మంచి మార్గసూచి లేదు.

బొబ్బిలి

యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. మట్టిగోడల కోటలోని కొద్దిమంది సైనికులు ఫిరంగుల ముందు నిలవలేని స్థితి వచ్చినపుడు, శత్రువు చేతికి చిక్కరాదని కోటలోని స్త్రీలను, పిల్లలను స్వజనులే సంహరించి, ఇండ్లకు నిప్పు పెట్టారు. రంగారావు పోరులో మరణించాడు. ఈ భాగాన్ని కథగా చెప్పేవారు వీరగాథగానే చెబుతారు. కాని చంపబడినవారిలో పసిపిల్లలు కూడా ఉన్నారనే సంగతిని స్మారకం వద్ద నిలుచున్నవారు మరచిపోవడం కష్టం. రాజకుమారుడొకడు మాత్రం బ్రతికి బయటపడ్డాడు. అతనిని ఒక వృద్ధుడు ఫ్రెంచి అధికారి లా గుడారానికి చేర్చాడని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వ్రాశాడు.

పాత కోట చాలావరకు నశించింది. యుద్ధం జరిగిన చోట బొబ్బిలి రాజులు 19వ శతాబ్ది చివర నిలిపిన స్మారక స్తంభం, పట్టణంలోని తాండ్ర పాపారాయుని విగ్రహం, తరువాతి కాలపు రాజభవనం ఇప్పటి సందర్శకులు చూసేవి. ఇంత తక్కువ మిగిలి ఉండటం వలన ఇక్కడ బుర్రకథయే కోట పని చేస్తున్నదనవచ్చు. షేక్ నాజర్ చెప్పిన బొబ్బిలి యుద్ధం బుర్రకథ, 1964లో సి. సీతారాం దర్శకత్వంలో వచ్చిన బొబ్బిలి యుద్ధం, 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో వచ్చిన తాండ్ర పాపారాయుడు చలనచిత్రాలు ఈ కథను ఆంధ్రదేశమంతటా వ్యాపింపజేశాయి.

రెండు ఊళ్ళ కథ

యుద్ధం ముగిసిన మూడవ రాత్రి విజయరామరాజు తన గుడారంలో హతుడయ్యాడు. జానపద కథ ప్రకారం చంపినవాడు రాజాం నుండి వచ్చిన తాండ్ర పాపారాయుడు. సాయానికి సమయానికి అందుకోలేక, కోట బూడిదయిన తరువాత వచ్చి పగ తీర్చుకొన్నాడని కథ. ఓర్మ్ రచనలో పాపారాయుని పేరు లేదు. కోట నుండి బ్రతికి బయటపడిన నలుగురు సైనికులు ప్రతినబూనారని, వారిలో ఇద్దరు గుడారంలో దూరి రాజును పొడిచారని, శరీరంపై ముప్పైరెండు గాయాలు ఉన్నాయని అతడు వ్రాశాడు. ఈ తేడాను సందర్శకులకు దాచకుండా చెప్పడం మంచిది.

అంతకన్న గమనించదగినది మరొకటి ఉన్నది. బొబ్బిలి కథలో రాణి మల్లమ్మ పాపారాయుని సోదరి. ఆమె మరణానికి అన్న బదులు తీర్చుకొన్నాడు. విజయనగరం కథలో పైడిమాంబ, ఆ పగకు బలియైన రాజు సోదరి. ఒక ఊరిలో చెల్లెలిని పోగొట్టుకొన్న అన్న వీరుడయ్యాడు. మరొక ఊరిలో అన్నను పోగొట్టుకొన్న చెల్లెలు దేవత అయినది. ఒక ఊరిలో కీర్తింపబడే కత్తిపోటే మరొక ఊరిలో శోకానికి కారణం. ఒక్క ఊరిని మాత్రమే చూసి వెళ్ళేవారికి సగం కథే తెలుస్తుంది. యుద్ధానికి ఫిరంగులు సమకూర్చిన ఫ్రెంచివారు మాత్రం రెండు ఊళ్ళ కథలలోను చివరకు పక్కకు తప్పుకొంటారు, ఇది విచిత్రమే.

పద్మనాభం

ఫ్రెంచివారి తరువాత ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. పేష్కషు బకాయిల విషయమై కంపెనీకి, చిన విజయరామరాజుకు వివాదం ముదిరింది. సంస్థానాన్ని విడిచి వెళ్ళవలసినదిగా వచ్చిన ఆజ్ఞను ఆయన పాటించక, పద్మనాభంలో అనుచరులతో విడిది చేశాడు. 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలోని కంపెనీ సేన దాడిచేయగా, విజయరామరాజు, ఆయనతో నిలిచిన ఎందరో యోధులు మరణించారు. బాలుడైన ఆయన కుమారుడు నారాయణబాబుకు తరువాత సంస్థానం తిరిగి దక్కినా, దాని విస్తీర్ణం బాగా తగ్గింది.

కొండపై అనంతపద్మనాభస్వామి ఆలయం, దిగువన కుంతీమాధవస్వామి ఆలయం ఉన్నాయి. కార్తీక మాసపు చివర జరిగే దీపోత్సవానికి వచ్చే భక్తులలో యుద్ధం సంగతి ఎరిగినవారు కొద్దిమందే. బొబ్బిలికి దక్కిన బుర్రకథ, చలనచిత్రం పద్మనాభానికి దక్కకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

రామతీర్థం

నెల్లిమర్ల మండలంలోని రామతీర్థానికి ఈ యుద్ధాలతో నేరుగా సంబంధం లేదు. ఇక్కడి గురుభక్తులకొండ, దుర్గకొండలపై బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఈ కొండలపై జైన అవశేషాలు కూడా ఉన్నాయి. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు శాసనంలో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుని పేరు కనిపిస్తుంది. రాముని విగ్రహాలు నీటిలో లభించాయని స్థలపురాణం.

2020 డిసెంబరు చివర బోడికొండపై ఉన్న కోదండరామాలయంలోని మూలవిరాట్టు శిరస్సును దుండగులు ఖండించారు. శిరస్సు కొండపై కొలనులో దొరికింది. ఈ సంఘటన రాష్ట్రమంతటా ఆందోళనకు దారితీసింది. తిరుమల తిరుపతి దేవస్థానం చెక్కించి ఇచ్చిన కొత్త విగ్రహాలను 2021 జనవరిలో దిగువ బాలాలయంలో ఉంచి, కొండపై ఆలయాన్ని పునర్నిర్మించి 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠించారు. కొండ మెట్లు ఎక్కేవారు కొలను వద్ద ఆగి చూస్తారు.

చేరుకొనే విధం

విజయనగరం రైల్వేస్టేషను నుండి వనంగుడి, చదురుగుడి, కోట నడకలోనే చూడవచ్చు. రామతీర్థం సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. బొబ్బిలికి రోడ్డు, రైలు మార్గాలు రెండూ ఉన్నాయి. పద్మనాభానికి విజయనగరం, విశాఖపట్నం రెండింటి నుండి రోడ్డు మార్గం ఉన్నది. కోట లోపలి విద్యాలయాలు పనిచేసే వేళలలో అనుమతి అడిగి వెళ్ళాలి. సిరిమానోత్సవం నాడు పట్టణం జనంతో కిక్కిరిసి ఉంటుంది కావున స్థలాలను తీరికగా చూడగోరువారు మరొక రోజును ఎంచుకోవాలి.