కాటా మీద పిల్లలు

గల్ఫు నుంచి సెలవు మీద ఇంటికి వెళ్ళినవాడికి వెనకటి రోజుల్లో గడప దగ్గరే ఒక మాట ఎదురయ్యేది: "అయ్యో, ఎంత చిక్కిపోయావురా!" ఇప్పుడు అదే గడప దగ్గర అదే పెద్దమ్మ వాడి పదేళ్ళ కూతుర్ని చూసి, "పిల్ల బాగా ఒళ్ళు చేసిందే, ఇప్పట్నించే నోరు కట్టుకోకపోతే రేపు పెళ్ళికి కష్టం" అంటుంది. పది నిమిషాలు తిరక్కుండా ఆ పిల్ల ముందే సున్నుండల డబ్బా మూత తీస్తుంది. పెద్దమ్మని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఈ రెండు మాటలకీ వేరు వేరు చరిత్రలున్నాయి. రెండూ వచ్చి ఆ పిల్ల కంచంలో కలుసుకున్నాయి.

మొదటి మాట కరువు నేర్పినది. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాకి సుమారు లక్షా యాభై వేలమంది పోయారని అంచనా. 1876-78లో ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి సీమల్ని పీల్చేసింది. అప్పుడు కలకత్తా ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనుల కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం ధర, పైన ఒక అణా అని తగ్గించాడు. పౌను అంటే అరకిలోకి కూడా తక్కువే. దానితో మనిషి రాళ్ళు కొట్టలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ కాగితాల మీద యుద్ధం చేశాడు. కనీసం పౌనున్నర ధాన్యం, కూరలూ పప్పులూ కావాలన్నాడు. టెంపుల్ కొలతని ఆ ఏడాదే వెనక్కి తీసుకున్నారు. మన శరీరాల గురించి సర్కారు వేసిన తొలి లెక్కల్లో ఇదొకటి. ఎంత తక్కువ తింటే మనిషి చావకుండా ఉంటాడన్నది ఆ లెక్క సారాంశం. ఇలాంటి నేల మీద పుట్టినవాళ్ళకి బొద్దుగా ఉన్న బిడ్డ కలిగిన ఇంటి గుర్తు కావడంలో వింతేముంది? మన సినిమా కూడా రేలంగినీ రమణారెడ్డినీ పక్కపక్కన నిలబెట్టి నవ్వించింది. ఆ నవ్వు లావు మీదా బక్క మీదా సమానంగానే పడేది.

రెండో మాట యూరప్ నుంచి వచ్చింది. గుంటూరులో జనం రాలిపోతున్న ఆ 1832లోనే, బ్రస్సెల్స్‌లో అడాల్ఫ్ కెట్లే అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పెద్దవాళ్ళ బరువు దాదాపు ఎత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుందని గమనించాడు. ఆయనకి కావలసింది "సగటు మనిషి". ఫలానా పిల్ల లావా సన్నమా అన్నది ఆయన ప్రశ్నే కాదు. తరవాత అమెరికాలో జీవిత బీమా కంపెనీలు ఎవరు ముందు పోతారో అంచనా కట్టడానికి బరువుల పట్టికలు తయారు చేసుకున్నాయి. 1940లలో మెట్రోపాలిటన్ లైఫ్ ప్రకటించిన పట్టిక డాక్టర్ల గోడలెక్కింది. 1972లో ఆన్సెల్ కీస్ కెట్లే సూత్రానికి "బాడీ మాస్ ఇండెక్స్" అని పేరు పెట్టాడు. 1998లో అమెరికా ఆరోగ్య సంస్థ అధిక బరువు గీతని మగవాళ్ళకి 27.8 నుంచి, ఆడవాళ్ళకి 27.3 నుంచి 25కి దించింది. కోట్లమంది ఒక్క గ్రాము కూడా పెరక్కుండానే రాత్రికి రాత్రి "లావు" అయిపోయారు. 2023లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఒక్క బీఎంఐ మీదే ఆధారపడకూడదని తీర్మానించింది. సగటుతో రోజూ పనిచేసే నా వృత్తిలో అందరికీ తెలిసిన విషయమే ఇది: సగటు గుంపు గురించి చెబుతుంది, గుంపులో ఒకరి గురించి కాదు.

ఈ రెండు చరిత్రలూ సౌదీలో కలిశాయి. 1938లో దమ్మామ్‌లో చమురు పడక మునుపు ఆ దేశం కూడా ఖర్జూరాలతో, ఒంటె పాలతో కాలం గడిపిన బీద దేశమే. బొద్దు బిడ్డ అక్కడా భాగ్యమే. 1973లో చమురు ధర ఎగిశాక కరీంనగర్, నిజామాబాద్, కడప, తూర్పు గోదావరి నుంచి మనవాళ్ళు వెళ్ళారు. జెద్దాలో 1974లో అల్ బైక్ చికెన్ మొదలైంది, రియాద్‌లో 1993లో మెక్‌డొనాల్డ్స్ తెరిచారు. ఊళ్ళు కారు కోసం కట్టినవి, వేసవి నడవనివ్వదు. కుటుంబాలు తెచ్చుకున్నవాళ్ళ పిల్లలు ఎక్కువగా ఇండియన్ స్కూళ్ళలో చదివారు; జెద్దాది 1969లో మొదలైంది, రియాద్‌ది 1982లో. సిలబస్ సీబీఎస్ఈదే గానీ, గేటు దాటితే ఊరు సౌదీదే. మగపిల్లలు సాయంత్రం ఖాళీ స్థలంలో టేపు చుట్టిన బంతితో క్రికెట్ ఆడుకునేవాళ్ళు. ఎదిగే ఆడపిల్ల స్కూలు బస్సు దిగి ఫ్లాట్‌లోకి వెళితే మళ్ళీ మర్నాడే బయటికి.

సౌదీ ఆడపిల్లల పరిస్థితీ అంతే. ప్రభుత్వ బాలికల పాఠశాలల్లో వ్యాయామ పాఠమే ఉండేది కాదు. 2003లో లీనా అల్ మయీనా జెద్దా యునైటెడ్ అని ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు పెట్టడం సాహసమే. 2012 లండన్ ఒలింపిక్స్‌కి ఇద్దరు సౌదీ అమ్మాయిలు, జూడోలో వుజ్దాన్, పరుగులో సారా అత్తార్, మొదటిసారి వెళ్ళారు. 2013లో ప్రైవేటు బాలికల స్కూళ్ళలో ఆటలకి అనుమతి వచ్చింది. సర్కారు బడులకి 2017 జులైలో వచ్చింది. శీతల పానీయాల మీద 50 శాతం పన్ను పడింది కూడా ఆ ఏడు జూన్‌లోనే. అదే జులైలో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద తలకి నెలకి 100 రియాళ్ళ రుసుము మొదలై, ఏటా పెరిగి 2020కి 400 అయింది. చాలామంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపేశారు. మైదానం తలుపు తెరిచే వేళకి మన పిల్లలు సూట్‌కేసులు సర్దుకుంటున్నారు.

మైదానం ఇవ్వక, నీడ ఇవ్వక, కోలా చవగ్గా ఇచ్చి, చివరికి ఆ పిల్లనే "బద్ధకం" అన్నాం. నాకు కోపం వచ్చేది అక్కడే. 2014లో వెలువడ్డ ఒక అమెరికన్ అధ్యయనం రెండు వేల పైచిలుకు ఆడపిల్లల్ని పదేళ్ళ వయసు నుంచి గమనించింది. "నువ్వు బాగా లావు" అని ఇంట్లోనో బయటో అనిపించుకున్న పిల్లలు పందొమ్మిదేళ్ళకి స్థూలకాయులయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది. పదేళ్ళప్పటి అసలు బరువు లెక్కలోకి తీసుకున్నాక కూడా అదే ఫలితం. అంటే ఆ మాట మందుగానైతే పనిచేయలేదు. 2017లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన సభ్యులకే మాట తీరు మార్చుకోమని చెప్పింది. "బొండాం" అని ముద్దుపేరు పెట్టే బాబాయిలకి చెప్పే సంఘం మాత్రం లేదు.

పోనీ కాటానైనా నమ్ముదామంటే, ఏ పట్టిక? 2000లో వచ్చిన అంతర్జాతీయ పట్టిక ప్రకారం పదేళ్ళ ఆడపిల్లకి అధిక బరువు గీత 19.9 దగ్గరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలో అది 19. 19.5 ఉన్న పిల్ల ఒక గదిలో మామూలు పిల్ల, పక్క గదిలో లావు. మన వాళ్ళకి చక్కెర జబ్బు తక్కువ బరువుకే వస్తుందని భారత పిల్లల వైద్యులు 2015లో గీతని ఇంకా కిందికి లాగారు. ఆ భయం నిజమైనదే, నేను కొట్టిపారేయను. కానీ ఒక రోజు అంకె కన్నా, క్రమం తప్పకుండా చుక్కలు పెట్టి గీత ఎటు పోతోందో చూడమని వైద్యులు చెబుతారు. పైగా పది, పదకొండేళ్ళప్పుడు కొందరు ఆడపిల్లలకి మొదట ఒళ్ళు వస్తుంది, ఎత్తు ఆ తరవాత అందుకుంటుంది. సెలవులకి వెళ్ళిన పిల్లని పెద్దమ్మ చూసేది సరిగ్గా ఆ మధ్య నెలల్లోనే.