మదనపల్లె రాయి, రాజమహేంద్రవరపు గుల్ల

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పము పోవు బాటసారికి త్రోవ పొడుగునను రాయియే కనబడును: గుండ్లు పేరిన గుట్టలు, చెరువుకట్టలకు పేర్చిన బండలు, బావి త్రవ్వువారి గడ్డపారలను మొక్కవోజేయు నేల. ఈ రాయి యెంత పాతదియని యడుగుట సహజము. దేశచరిత్రకారుడు శాసనములను వెదకునట్లు భూచరిత్రకారుడు శిలాజములను వెదకును. కాని యీ మూడూళ్ల రాతిలో నెంత వెదకినను ఒక్క గుల్లయైనను దొరకదు. పుంగనూరు పొలములో గవ్వ యొకటి కనబడెనేని యది గవ్వలాట యాడిన పిల్లలు పారవేసినదే గాని భూమి దాచినది కాదు.

ఇవి భూగర్భమున మహోష్ణమునకు లోనై గట్టిపడిన నైసు, గ్రానైటు శిలలు; సుమారు 250 కోట్ల యేండ్లవియు, అంతకు మించినవియు. కుప్పము దిక్కునకు సాగివచ్చిన కోలారు బంగారు పట్టెలో సముద్రగర్భమున లావా పొంగి గడ్డకట్టిన గుర్తులు సైతము కలవు. అనగా సముద్ర ముండెను. గుల్ల గట్టుకొను ప్రాణి యింకను పుట్టలేదు. అట్టి ప్రాణులు విరివిగా కనబడుట సుమారు 54 కోట్ల యేండ్ల క్రిందటినుండి మాత్రమే. కావున గుల్లల సాక్ష్యము కావలసినవారు మదనపల్లె విడిచి గోదావరీ తీరమునకు పోవలెను.

పోవుటకు ముందు ఆ సాక్షి యెవరో తెలిసికొందము. సముద్రములో ఫొరామినిఫెరా యను ఏకకణ జీవులు కలవు. ఈ పేరు పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోర్బిన్యీ, సంవత్సరము 1826. పెక్కింటి గుల్ల ఆవగింజలో సగమైనను ఉండదు. వీనిలో నీటిపై తేలియాడునవి ప్రవాహములవెంట దేశదేశముల సముద్రములకు వ్యాపించును. ఒక జాతి కొంతకాలము వర్ధిల్లి నశించును, వేరొకటి తలయెత్తును. చచ్చినవాని గుల్లలు అడుగు బురదలో పడి రాయిలో నిలిచిపోవును. శాతవాహనుల నాణెము దొరికిన దిబ్బపొర యేకాలపుదో మనమెట్లు గుర్తింతుమో, ఈ గుల్ల దొరికిన రాతిపొరను నట్లే గుర్తింపవచ్చును. పైగా పిడికెడు రాయిలో వందలకొలది గుల్లలుండవచ్చును. చమురుబావి త్రవ్వునప్పుడు పైకివచ్చు రాతిపొడిలోను చెదరక దొరకును. పెద్ద జంతువుల యెముకలకు ఈ సౌకర్యము లేదు. నాణెమువలెనే యిదియు మోసగింపగలదు: పాతపొర కోసుకొనిపోయి గుల్ల క్రొత్తపొరలో చేరిన, తేదీ తప్పును. అందుచేత ఒక్క గుల్లను నమ్మక సమూహమును చూతురు.

రాజమహేంద్రవరమువద్ద కాతేరునందును, గోదావరికి ఆవలి పంగిడి, దుద్దుకూరు ప్రాంతములందును నల్లని లావారాతి పొరల నడుమ సున్నపురాయి పొర యొకటి యున్నది. ఈ నడిమిపొర యేకాలపుదని నూరేండ్లకు పైగా వివాదము జరిగెను. నాగపురమున మతప్రచారకుడై యున్న హిస్లాపు ఇచ్చటి నత్తగుల్లలను వర్ణించి 1860లో దీనిని తృతీయ యుగమున చేర్చెను. దక్కను లావా అంతకు ముందటి క్రెటేషియసు యుగమునాటిదని మఱికొందరు వాదించిరి. 1934లో బీర్బల్ సాహ్ని ‘దక్కను లావా క్రెటేషియసుదా, తృతీయమా’ యని ప్రశ్ననే వ్యాసమునకు శీర్షికగా పెట్టెను. ఇది పండితుల తగవులాటగా తోచవచ్చును. కాని రాకాసిబల్లులు నశించినది సరిగా ఆ రెండు యుగముల సంధియందే.

పరిష్కారమునకు తాళపుచెవి ఇటలీలో దొరికెను. గుబ్బియో యను పట్టణముచెంత సున్నపురాతిలో, క్రెటేషియసు గుల్లలు మాయమైన పొరకు కొంచెము పైన, మిక్కిలి చిన్నదగు ఫొరామినిఫెరా జాతిని 1964లో లూటర్‌బాఖరు, ప్రేమోలీ సిల్వాయను వారు వర్ణించి ఆ యూరి పేరు మీదుగా ‘యూగుబీనా’ యని పిలిచిరి. మహావినాశము పిమ్మట సముద్రములో తొలుదొల్త తలయెత్తిన వానిలో నిది యొకటి, కొలదికాలమే యుండెను. గెర్టా కెల్లరు బృందము 2008లో ప్రకటించిన పరిశోధనలో రాజమహేంద్రవరపు నడిమిపొర గుల్లలు ఈ యూగుబీనా మండలమునకు చెందినవని తేలెను. ఎక్కడి గుబ్బియో, ఎక్కడి కాతేరు! దీనినిబట్టి క్రింది లావా యుగసంధికి సమీపముననే ముగిసెనని యా బృందము నిర్ణయించెను. కృష్ణా గోదావరీ మైదానమున చమురు, సహజవాయువుల సంఘము త్రవ్విన లోతుబావులలోని సాక్ష్యమును 2011లో ప్రకటించిరి. ఇచ్చటి లావా పడమటి కనుమలనుండి వేయి కిలోమీటర్లకు పైగా పారివచ్చినదని కొందరి మతము.

అంతమాత్రమున లావాయే రాకాసిబల్లులను చంపెనని చెప్పుట తొందరపాటు. ఉల్కాపాతమే కారణమను వాదము 1980నుండి బలముగా నున్నది. గుల్ల ఏది ముందు, ఏది వెనుక యని చెప్పును; ఎన్నేండ్లని చెప్పదు. ఆ లెక్కకు రాతిలోని రేడియోధార్మిక పదార్థములే దిక్కు. జిర్కాను స్ఫటికములో యురేనియము సీసముగా మారిన పాలునుబట్టి వయస్సు కట్టుదురు. మదనపల్లె వంటి గుల్లలేని శిలలకును ఈ కొలతయే ఆధారము. దక్కను లావాకు జిర్కానుతో ఒక బృందమును, ఆర్గాను వాయువుతో మఱియొక బృందమును కట్టిన లెక్కలు 2019లో ఒక్కమారే వెలువడెను. ఒకటి లావా నాలుగు విడతలుగా పొంగెననియు, అందొకటి వినాశమునకు కొంచెము ముందే యారంభమయ్యెననియు చెప్పెను; వేరొకటి పెక్కుభాగము తరువాతనే పొంగెననెను. ఇరువురికిని యుగసంధి సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందటిదే. తగవంతయు దానికి అటునిటు కొన్ని లక్షల యేండ్లలోనిది.