పీపా నుంచి డాప్లర్ బండి దాకా

ఉరుము మేఘం అడుగు నుంచి నేలదాకా దిగి అతివేగంగా తిరిగే గాలి స్తంభాన్ని టోర్నడో అంటారు. కోస్తావాసులకు పరిచితమైన తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి రోజుల తరబడి సాగితే, ఇది సాధారణంగా కొన్ని వందల మీటర్ల వెడల్పుకు మించక నిమిషాలలో అంతరిస్తుంది కనుక, దీని వేగాన్ని కొలవడం చిరకాలం ఎవరికీ సాధ్యపడలేదు. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫుజితా 1971లో రూపొందించిన ప్రసిద్ధ కొలమానం సైతం గాలిని కొలిచేది కాదు. కూలిన ఇళ్లను, విరిగిన చెట్లను చూసి అంత విధ్వంసానికి ఎంత గాలి కావాలో ఊహించేది.

నేరుగా కొలవాలన్న పట్టుదలతో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు సుమారు 200 లీటర్ల పీపాలో గాలివేగం, పీడనం, ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలను అమర్చి, ఓజ్ మాంత్రికుడి కథలో సుడిగాలి ఎత్తుకుపోయిన కుక్కపిల్ల పేరిట దానిని ‘టోటో’ అన్నారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హోవర్డ్ బ్లూస్టీన్, ఆయన విద్యార్థులు 1981 నుంచి 1983 వరకు ఆ పీపాను బండి మీద వేసుకుని మేఘాల వెంట తిరిగారు గానీ, టోర్నడో వచ్చే దారిని ముందే పసిగట్టి సరిగ్గా అక్కడే దానిని దించడం వారి వల్ల కాలేదు. 1984లో ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్ వద్ద ఒక బలహీనమైన టోర్నడో అంచు తగిలేసరికే ఆ పీపా పక్కకు ఒరిగిపోయింది. పీపా ఆశ పూర్తిగా వృథా పోలేదనడానికి, 2003లో టిమ్ సమారస్ అనే ఇంజనీరు నేలకు అంటుకున్నట్టుండే శంకువు ఆకారపు పరికరంతో సౌత్ డకోటాలో 100 మిల్లీబార్ల పీడన పతనాన్ని పట్టుకోవడమే సాక్ష్యం. అయినా గాలివేగం గుట్టు దూరం నుంచి చూసే పరికరానికే చిక్కింది.

అది డాప్లర్ రాడార్. వాన చినుకులకూ ఎగిరే శిథిలాలకూ తగిలి తిరిగివచ్చే తరంగాల పౌనఃపున్యంలో, అంటే సెకనుకు కలిగే కంపనాల సంఖ్యలో, వచ్చిన తేడానుబట్టి అవి రాడార్ వైపు ఎంత వేగంతో వస్తున్నాయో, పోతున్నాయో అది చెబుతుంది. అయితే రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ విప్పారుతుంది. ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం 60 కిలోమీటర్ల దూరాన కిలోమీటరుకు పైగా పరచుకుంటుంది కాబట్టి సన్నని టోర్నడో అందులో కలిసిపోతుంది. అందుకే ఓక్లహోమా విశ్వవిద్యాలయానికే చెందిన జోషువా వర్మన్ 1995లో రాడార్‌నే ట్రక్కుకెక్కించి దగ్గరికి తీసుకుపోయారు. 1999 మే 3న ఓక్లహోమాలోని బ్రిడ్జ్ క్రీక్ వద్ద ఆ బండి గంటకు సుమారు 484 కిలోమీటర్ల గాలిని నమోదు చేసింది.

విచిత్రమేమంటే అధికారిక స్థాయిని నేటికీ విధ్వంసాన్ని చూసే నిర్ణయిస్తున్నారు. 2013 మే 31న అదే రాష్ట్రంలోని ఎల్ రీనో వద్ద ఓక్లహోమా విశ్వవిద్యాలయ రాడార్ గంటకు 470 కిలోమీటర్లకు మించిన వేగాన్ని చూపినా, కూలడానికి పెద్దగా కట్టడాలు లేని పొలాల మీదుగా సాగిన ఆ టోర్నడో చివరకు సున్నా నుంచి అయిదు దాకా ఉన్న స్థాయిల్లో మూడుగానే నమోదైంది.