వేగమునకు కట్టు: మోటారు టైరుల చరిత్ర



కమ్మరికొలిమి యొద్ద బండిచక్రమునకు ఇనుపకట్టు వేయుట మీలో పలువురు చిన్ననాట చూచియే యుందురు. చుట్టును పిడకలు పేర్చి, కట్టును ఎఱ్ఱగా కాల్చి, పట్టుకార్లతో నెత్తి, కొయ్యచక్రముపై దించి, వెంటనే నీళ్లు పోయుదురు. వేడికి సాగిన యినుము చల్లారి ముడుచుకొని, చక్రమును చెదరకుండ బిగించును. ఆ కట్టు బలమునకే గాని నేలను పట్టుకొనుటకు గాదు. బండిని లాగునదియు, ఆపునదియు, మలుపునదియు ఎద్దు. నేలను పట్టుకొను పని ఎద్దుగిట్టలది. చక్రము ఊరక దొర్లిన చాలును.

మోటారుబండికి గిట్టలు లేవు. లాగుట, ఆపుట, మలుపుట యను మూడు పనులును చక్రములే చేయవలెను. ఒక్కొక్క టైరు ఏ క్షణమున జూచినను నేలను దాకునది ఇంచుమించు ఒక అరచేయి మేర మాత్రమే. వేయిన్నర కిలోల బండియు, అందులోని ప్రాణములును ఆ నాలుగు అరచేతుల మీద నాధారపడి యున్నవి. ఈ సంగతి నేను పుస్తకములలో నెన్నడో చదివితిని గాని, రెండేండ్ల క్రిందట భాద్రపదమాసమున నొక రాత్రి దాని యర్థము నాకు తెలిసినది.

మా అన్నగారి కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. అతనికి వేగపుబండ్లన్న చిన్ననాటినుండి మక్కువ. ఒకరు వాడిన స్పోర్ట్సుకారు నొకదానిని కొని, దానిమీదనే నిత్యము కచేరికి పోయి వచ్చుచుండును. ఆ రాత్రి నన్నెక్కించుకొని విజయవాడకు బయలుదేరెను. సూర్యాపేట దాటిన పిమ్మట పెద్దవాన పట్టుకొన్నది. రోడ్డుమీద నొకచోట నీరు నిలిచియుండెను. దానిపైకి పోగానే బండి వెనుకభాగము ప్రక్కకు జాఱి, ఒక చుట్టు తిరిగి, రోడ్డు వారనున్న మట్టిలో వచ్చినదిక్కునకు మొగమై నిలిచెను. ఆ సమయమున వెనుక లారీ యేదియు రాకపోవుట మా యదృష్టము. కొంతసేపు మాలో నెవ్వరును మాటాడలేదు.

మఱునాడు దీపము వేసికొని టైరులను పరీక్షించితిమి. చాళ్లు లోతుగనే యున్నవి. చూపునకు క్రొత్తవానివలె నున్నవి. కాని టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును దెలుపును. ఆ లెక్క ప్రకారము అవి తొమ్మిదేండ్ల నాటివి. గోటితో నొక్కితే దిగవలసిన రబ్బరు కొయ్యవలె గట్టిపడి యుండెను. ఎండయు, గాలియు రబ్బరును మెల్లమెల్లగ గట్టిపఱచును. బండి నడిచినను నడువకున్నను ఈ ముసలితనము తప్పదు.

క్రొత్తవి కొనవలెనని నిశ్చయించితిమి. అడిగిన ప్రతివాఱు నొక సలహా చెప్పిరి. చిరకాలము మన్ను గట్టిటైరు వేయుమని యొకరు. పందెములలో వాడు మెత్తనిటైరు వేయుమని యొకరు. వెనుకవి రెండు మార్చిన చాలునని యొకరు. మా వానికి రెండవ సలహా నచ్చినది. "బాబాయీ, ఈ బండి వేగమునకు పుట్టినది. దానికి తగిన టైరే వేయవలదా?" అని నన్నడిగెను. నేను యంత్రజ్ఞుడను గాను. ముప్పదియేండ్లు చరిత్ర పాఠము చెప్పినవాడను. కావున టైరు చరిత్రనే తిరుగవేసితిని. ఆ చరిత్రలోనే అతనికి సమాధానము దొరికినది.

రబ్బరు మొదట దక్షిణ అమెరికా చెట్టుపాలు. ఎండకు జిగటయై కారుట, చలికి పెళుసై విఱుగుట దాని సహజగుణము. 1839లో అమెరికా వాసి చార్లెస్ గుడియర్ దానిని గంధకముతో కలిపి వేడిచేసిన యెడల ఆ రెండు దోషములును పోవునని కనుగొనెను. 1844లో హక్కుపత్రము పొందెను గాని, ధనము పొందలేదు. 1860లో అప్పులతోనే మరణించెను. అతని పేరు పెట్టుకొన్న టైరుల కంపెనీ 1898లో వేఱొకరు స్థాపించినది.

రబ్బరులో గాలి నింపవలెనను నూహ 1845లో స్కాట్లండు వాసియైన రాబర్టు విలియం థామ్సనుకు కలిగినది. గుఱ్ఱపుబండ్లకు గాలిచక్రములు చేసి చూపెను. కాని ఆనాటి మందనడకకు వాని యవసరము తోపక లోకము వానిని మఱచినది. తరువాత 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలు కుదుపు తగ్గించుటకై అదే యుపాయమును మరల కనుగొని హక్కుపత్రము పొందెను. థామ్సను ముందే కనుగొన్నాడని తెలిసి 1890లో ఆ హక్కు చెల్లదని తేలినను, డన్‌లప్ పేరు నిలిచినది. మన పల్లెలలో రబ్బరుచక్రముల ఎడ్లబండిని డన్‌లప్‌బండి యనుట మీరెఱుగుదురు.

మోటారుకారునకు గాలిటైరు తగునని చూపినవారు ఫ్రాన్సుదేశపు మిషలిన్ సోదరులు. 1895లో పారిసునుండి బోర్డోకు పోయి మరలి వచ్చు పందెమున, ఇంచుమించు 1200 కిలోమీటర్లు, తమ కారును గాలిటైరులపై నడపిరి. దారిపొడవునను పంక్చరులే. ముందుగా గమ్యము చేరిన లెవస్సారు బండికి గట్టిరబ్బరు టైరులుండెను. మిషలిన్ వారు మిక్కిలి వెనుకబడి చేరిరి. ఆ దినమున గట్టిదనము గెలిచినది. కాని కొలదియేండ్లలో కార్లన్నియు గాలిటైరులకే మఱలినవి. ఒకనాటి పందెపు ఫలితమును జూచి నిత్యప్రయాణమునకు టైరు నెంచరాదనుటకు ఇది మొదటి సాక్ష్యము.

రెండవ సాక్ష్యము రబ్బరు రంగు. తొలినాటి టైరులు తెలుపు. 20వ శతాబ్ది మొదటి రెండు దశాబ్దములలో రబ్బరున నల్లని కర్బనపు మసి కలుప నారంభించిరి. దానివలన టైరు అరుగుదల మిక్కిలి తగ్గినది. నేటి టైరు నలుపు అందమునకు గాదు, ఆయుష్షునకు. ఐనను ఆయుష్షును పెంచుటలో నొక చిక్కు కలదు. మెత్తని రబ్బరు రోడ్డు కంకర గఱుకుదనములోనికి దిగి, దానిని పట్టుకొని, మరల విడుచును. ఆ దిగుటలోనే పట్టు. ఆ విడుచుటలోనే వేడియు, అరుగుదలయు. గట్టిరబ్బరు అరుగదు, కాని దిగదు. చిరకాలము మన్నుట, గట్టిగా పట్టుట అను రెండును ఒకే టైరున సంపూర్ణముగ నుండుట దుర్లభము. టైరు చరిత్ర యంతయు ఈ బేరమే.

బేరములో ధర తగ్గించిన పరిశోధనలు రెండు గలవు. మొదటిది రేడియలు టైరు. అంతకుముందు టైరు లోని దారపుపొరలు ఏటవాలుగ నొకదానిపై నొకటి అడ్డముగ పోవుచుండెను. మిషలిన్ వారు 1946లో హక్కుపత్రము పొంది 1949లో అమ్మకమునకు దెచ్చిన టైరున ఈ దారములు ఒక యంచునుండి మఱియొక యంచునకు తిన్నగ పోవును. వానిపై నేలను దాకుచోట ఉక్కుతీగల పట్టీ యుండును. అందువలన టైరు ప్రక్కలు వంగినను, నేలను దాకు భాగము చదునుగ నిలిచి పట్టు విడువదు. రెండవది 1992లో మిషలిన్ వారే ప్రచారములోనికి దెచ్చిన సిలికా రబ్బరు. మసిలో కొంతభాగమునకు బదులు, ఇసుకకు మూలమైన సిలికాను కలిపిన యెడల తడినేలపై పట్టు చెడకయే యింధనపు ఖర్చు తగ్గును.

వేగపుబండ్ల టైరులు వెడల్పై, ప్రక్కలు పొట్టియై యుండుట 1970 తరువాతి మార్గము. ఇటలీదేశపు పిరెల్లీ వారు పీ7 అను టైరును లాన్సియా స్ట్రాటోస్ అను పందెపుబండికై రూపొందించిరి. పిమ్మట పోర్షె 911 టర్బోకు నదే వాడబడినది. పొట్టిప్రక్క మలుపులో వంగదు. చుక్కాని త్రిప్పగనే బండి తిరుగును. కాని మన రోడ్ల గుంతలలో అదే పొట్టిప్రక్క నలిగి యుబ్బును, చక్రపు అంచు వంగును. ఇదియు బేరమే.

ఇక వాన సంగతి. చాళ్లు పొడినేలపై పట్టునకు గావు. పొడినేలపై పరుగిడు పందెపుటైరునకు చాళ్లే యుండవు. చేలో నీరు పోవుటకు కాలువ తీసినట్లు, టైరు క్రింది నీటిని వెడలించుటకే చాళ్లు. నీరు పోవుటకు వ్యవధి చాలనంత వేగమున బండి పోయినచో, టైరు నేలను విడిచి నీటిపై తేలును. అప్పుడు చుక్కానియు, బ్రేకును పనిచేయవు. అమెరికా వ్యోమయాన సంస్థయైన నాసా వారు విమానములు రన్‌వేలపై జాఱుటను గూర్చి 1960 తరువాత పరిశోధించి, టైరులో గాలి తగ్గినకొలది తక్కువ వేగముననే తేలునని తేల్చిరి. మా బండి తేలియుండునో, గట్టిరబ్బరు జాఱియుండునో చెప్పజాలను. రెండును గలిసి యుండవచ్చును.

ఈ చరిత్ర విని మా వాడు పందెపుటైరును గూర్చి మరల విచారించెను. ఆ టైరున చాళ్లు తక్కువ, లోతు తక్కువ. బాగుగ వేడెక్కినప్పుడే దాని పట్టు. ఇంటినుండి కచేరికి పోవు దారిలో అది వేడెక్కునంతలోనే ప్రయాణము ముగియును. వాన వచ్చిన నాడు దాని బలమే బలహీనత. నేనతనితో నొక్కటే చెప్పితిని: "నాయనా, పందెగాడు మంచిదినము చూచి బరిలోనికి దిగును, నీవు ప్రతిదినమును రోడ్డెక్కుదువు. కావున ఏడాదిలోని చెడ్డదినమునకు టైరు నెంచుము."

ఎట్లు ఎంచితిమో చెప్పెదను. మీ పిల్లల బండ్లకును పనికివచ్చును. టైరు ప్రక్కన 225/45 ఆర్ 17, 91 డబ్ల్యు అని యున్నదనుకొనుడు. 225 మిల్లీమీటర్లలో వెడల్పు; 45 అనగా ప్రక్కయెత్తు ఆ వెడల్పులో నూటికి 45 పాళ్లు; ఆర్ అనగా రేడియలు; 17 అంగుళములలో చక్రపు కొలత. 91 అనగా ఒక టైరు 615 కిలోలు మోయగలదు. డబ్ల్యు అనగా గంటకు 270 కిలోమీటర్ల వేగమునకు ఓర్చును. అంత వేగముగ ఎవ్వరును పోనక్కఱలేదు. ఐనను బండి చేసినవారు చెప్పినదానికంటె తక్కువ గుర్తుగల టైరు వేయరాదు.

అరుగుదలను దెలుపు అమెరికా లెక్క కూడ పెక్కు టైరులపై నుండును. 100 ప్రమాణము, వేగపుటైరులకు తఱచుగ 200, 300, మామూలు కారుటైరులకు 400, 500, అంతకు మించియు. ఈ అంకె వేయునది తయారుచేసినవారే. కావున ఒక కంపెనీ అంకెను మఱియొక కంపెనీ అంకెతో పోల్చుట సరిగాదు. ఐరోపాలో 2012 నుండి తడిపట్టునకు వేఱుగ నక్షరమిచ్చుచున్నారు. అందు ఏ యన్నది శ్రేష్ఠము. మేము ముందు చూచినది ఆ యక్షరము, తరువాత తయారైన వారము, సంవత్సరము, ధర చివర. అరుగుదల అంకె 300 దరిదాపున నున్న, లోతైన చాళ్లుగల రోడ్డువేగపు టైరును ఎంచితిమి. అది ముప్పదివేల కిలోమీటర్లకే అరిగిన అరుగుగాక యని మా వాడే యనెను.

నాలుగును ఒక్కమాఱే మార్చితిమి. ముందు ఒక రకము, వెనుక నొక రకము వేసిన పట్టు సమముగ నుండదు. రెండే కొనగలిగినవారు, నాలుగు చక్రములును ఒకే కొలత యైనచో, క్రొత్తవానిని వెనుకకు వేయుట మేలు. ముందుచక్రములు జాఱిన బండి తిన్నగ పోవును, వేగము తగ్గించి నిలువరింపవచ్చును. వెనుకచక్రములు జాఱిన మావలె తిరిగి నిలుచును. చాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని పెక్కుదేశముల చట్టము. వానకాలమున 3 మిల్లీమీటర్లకే జాగ్రత్తపడుట వివేకము. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షింపవలెను. పదియేండ్లు దాటినదానిని చాళ్లున్నను తీసివేయవలెను.

గడచిన వానకాలమున మరల అదే రోడ్డున అతనితో పోయితిని. సూర్యాపేట దాటగనే చినుకులు మొదలైనవి. క్రొత్తటైరులు, ఏ తొందరయు లేదు. ఐనను, నేను నోరు తెఱవకముందే, మా వాడు వేగమును సగమునకు తగ్గించెను. ఎంత మంచిటైరైనను నిలిచిన నీటిపై తేలకుండునని యెవ్వరును పూచీ యియ్యలేదని అతనికి తెలిసినది. టైరుల వెలకంటె నాకా తెలివి యెక్కువగ తోచినది.

మీ యింట కారున్నచో, రేపు ఉదయమున బయటికి వచ్చి దాని నాలుగు టైరులును వంగి చూడుడు. గోటితో నొక్కుడు, నాలుగంకెలు చదువుడు, గాలి కొలిపింపుడు. ఇంటి పిల్లలు దానిపై నే వేళ తిరిగివత్తురో మనము వాకిట గూర్చుండి యెదురు చూచువారమే గదా!