చలికాలమున గ్రంథాలయసేవ

ప్రతి సంవత్సరము నవంబరు 14వ తేదీ మొదలు 20వ తేదీవరకు మన గ్రంథాలయములలో వారోత్సవములు జరుగుచున్నవి. గుమ్మములకు మామిడితోరణములు కట్టుదురు. బాలబాలికలకు వ్యాసరచనయందును, పద్యపఠనమందును, ముగ్గులు వేయుటయందును పోటీలు పెట్టి బహుమానము లిత్తురు. పెద్దలు వచ్చి విద్యామహిమను గూర్చి యుపన్యసింతురు. వారము గడచిన పిదప తోరణము వాడిపోవును. తలుపు ఎప్పటివలె తెఱవబడును, ఎప్పటివలె మూయబడును. ఈ యుత్సవములు ఈ దినములలోనే యేల వచ్చినవో, వీనికి మూలపురుషు లెవ్వరో, వారు చలికాలపు దీర్ఘరాత్రులను గ్రంథాలయసేవకు ఎట్లు వినియోగింపవచ్చునని తలంచిరో యెఱిగినవారు మనలో తక్కువ. ఆ చరిత్రను కొంచెము విన్నవించుటయే మా యుద్దేశము. ఇది కేవలము పాత ముచ్చట కాదు; దీనినుండి నేడు మనము చేయవలసిన పని యొకటి తేలుచున్నది.

నవంబరు 14 జవాహర్లాల్ నెహ్రూగారి జన్మదినము, బాలల పండుగ. గ్రంథాలయవారోత్సవ మానాడు మొదలగుటకు అదియే కారణమని పలువురు తలంతురు. గ్రంథాలయోద్యమమువారు చెప్పునది వేఱు. 1919 నవంబరు 14వ తేదీని మదరాసునందు అఖిలభారత పౌరగ్రంథాలయ మహాసభ జరిగెను. దానిని సమకూర్చుటలో అగ్రగణ్యుడు మన అయ్యంకి వెంకటరమణయ్యగారు. అధ్యక్షుడు బరోడా సంస్థానపు గ్రంథాలయశాఖను నడుపుచుండిన కుడాల్కరుగారు. 1968 మొదలుకొని దేశమంతట వారోత్సవములు జరుపుచుండగా, ఆ పాత సభాదినమే వారమునకు మొదటిదినముగ నిలిచెను. కావున నేడు కాశ్మీరమునుండి కన్యాకుమారివఱకు జరుగుచున్న యీ చలికాలపు పండుగకు వేరు తెలుగువాని కృషిలోనే యున్నదని మనము సంతోషింపవచ్చును. అయితే సంతోషముతో తృప్తిపడి యూరకుండుట ఆయన ఆశయమునకు తగినది కాదు.

ఆ మహాసభకు ఐదేండ్లకు ముందే, 1914 ఏప్రిల్ 10వ తేదీని, బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున తెలుగునాటి గ్రంథాలయములవారు సభచేసి ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిరి. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు అధ్యక్షత వహించిరి. పంతులుగారికి చిన్ననాటనే రేచీకటి. తరువాత చూపు పూర్తిగ పోయినది. పరులచేత చదివించుకొని వినుచు, తాను చెప్పుచు పరులచేత వ్రాయించుచు ఆయన వాఙ్మయసేవ సాగించెను. గ్రంథాలయోద్యమపు తొలిసభకు ఇట్టివాడు అధ్యక్షుడగుట మాకు మిక్కిలి అర్థవంతముగ తోచుచున్నది. పుస్తకము కన్నున్నవానికే కాదు, చెవియున్నవానికిని చెందునదని ఆయన జీవితమే చాటుచుండెను.

అప్పటి దేశస్థితియు అట్టిదే. 1911 జనాభా లెక్కల ప్రకారము హిందూదేశమున నూటికి సుమారు ఆఱుగురే అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి ఒక్కరు. నూటికి తొంబదినలుగురు చదువలేని దేశమున గ్రంథాలయ మెవరికొఱకు? ఈ ప్రశ్న మన ఉద్యమకారులను బాధించెను. చదువరులు వచ్చుదాక బీరువాకు కాపుండుట గ్రంథాలయసేవ కాదని వారు గ్రహించిరి. ఒకడు చదువగా పదిమంది వినుట, రాత్రిపాఠశాలలు పెట్టుట, పుస్తకములను ఊరేగించుచు గ్రామయాత్రలు సలుపుట, ఇంటింటికి పుస్తకముల నందిచ్చుట — ఇవన్నియు అట్లు పుట్టినవే.

ఇక్కడ ఋతువు ప్రసక్తి వచ్చుచున్నది. డెల్టా గ్రామమున రైతు పంచాంగమును చూడుడు. ఆషాఢ శ్రావణములలో నాట్లు. తరువాత కలుపుతీతలు. కార్తిక మార్గశిరములలో కోతలు. పుష్యమాసమున కుప్పనూర్పులు. సంక్రాంతికి ధాన్యము ఇల్లు చేరును. అటుపిమ్మట మాఘ ఫాల్గుణములలో కొంత తీఱిక. వేసవిలో పగలు ఎండ, రాత్రి ఉక్క; వానకాలమున బురదయు, దోమలును. చలికాలమందు బెజవాడలో ఆఱుగంటలు కాకముందే సూర్యుడు క్రుంకును. భోజనమునకును నిద్రకును నడుమ రెండుమూడు గంటలు మిగులును. ఆ గంటలే పల్లెవానికి పుస్తకమునకు దక్కునవి. పురాణకాలక్షేపములు, హరికథలు, భజనలు ఆ గంటలలోనే సాగుట మన పూర్వు లెఱిగిన సంగతియే. గ్రంథాలయము పురాణపీఠము ప్రక్కనే తన దీపమును పెట్టుకొనవలసియుండెను. కిరసనాయిలు లాంతరు వెలుగున చదువెఱిగినవాడొకడు వార్తాపత్రిక చదువుచుండగా వినుటకు అక్షరములు రానక్కరలేదు. చీకటిలోనే చూపదగిన మాయాదీపపు బొమ్మలకును ఈ దీర్ఘరాత్రులే అనువు.

ఈ పనికి మార్గదర్శకముగ బరోడా సంస్థానముండెను. శయాజీరావు గాయకవాడు మహారాజుగారు 1910లో బోర్డెన్ అను అమెరికా పండితుని పిలిపించి తమ రాజ్యమున గ్రంథాలయవ్యవస్థను నెలకొల్పిరి. పుస్తకములను కొయ్యపెట్టెలలో సర్ది పల్లెలకు పంపుట, స్త్రీలకును బాలురకును ప్రత్యేకశాఖ నుంచుట, బొమ్మలు చూపి నిరక్షరులకు బోధించుట అచ్చటి పద్ధతులు. బరోడాలో రాజు ధనమిచ్చి చేయించినదానిని తెలుగునాట ప్రజలు చందాలు వేసికొని చేసిరి. భేద మంతయు అక్కడనే యున్నది.

ప్రజలు చేసిన పనులలో మాకు మిక్కిలి ప్రియమైనది పడవగ్రంథాలయము. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాలోని కాలువలు పొలములకు నీటిని, ప్రయాణికులకు దారిని గూడ నిచ్చినవి. 1935లో గుంటూరుజిల్లా పెదపాలెమునుండి పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి కాలువగట్టు గ్రామములకు నడిపించిరి. వేసవిలో మరామతులకై కాలువలు కట్టివేయుదురు. అప్పుడు పడవ కదలదు. నీరు నిండుగ నున్న కాలముననే, అనగా చలికాలమును కలుపుకొని, ఆ సేవ సాగవలసియుండెను. తాడుపట్టి లాగిన మందగమనపు పడవలో కూర్చున్న ప్రయాణికుని చేతికి పుస్తకమిచ్చుటకంటె తగిన సమయ మేది? అతని తీఱికను కనిపెట్టి పుస్తకమే అతని యొద్దకు వచ్చినది. దక్షిణదేశమున మన్నార్గుడిలో 1931లో ఎడ్లబండిపై పుస్తకములు పల్లెలకు పోయినవి. బండియైనను పడవయైనను నీతి యొక్కటే.

నైజాము రాష్ట్రమున ఈ పని మరింత కష్టతరమైనది. 1901 సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును వెలసినవి. రాజభాష ఉర్దూ, తెలుగు పాఠశాలలు అరుదు, తరువాతి కాలమున సభ జరుపుటకు ముందుగ ప్రభుత్వానుమతి పొందవలయునను కట్టడియు వచ్చెను. ఇట్టి స్థితిలో దీపముచుట్టు కూర్చుండి తెలుగు పత్రికను చదువుకొనుటయే ఒక ధైర్యకార్యము. అక్కడ గ్రంథాలయము చదువుకొను చోటే కాక, తమ భాషలో తాము మాటలాడుకొను చోటుగ గూడ నుండెను.

ఆ రాత్రులలో చదువబడిన పత్రికల గతి యేమయ్యెను? పెక్కుచోట్ల చిత్తుకాగితములయ్యెను. కాని 1918లో నేతగాండ్ర యూరైన వేటపాలెమున స్థాపింపబడిన సారస్వతనికేతనమువారు వానిని పదిలపఱచిరి. 1929లో మహాత్మాగాంధిగారు వచ్చి ఆ సంస్థభవనమునకు శంకుస్థాపన చేసిరి. నేడు తెలుగుదేశపు చరిత్ర వ్రాయదలచినవారు, పరదేశపు పరిశోధకులుకూడ, ఆ చిన్న యూరికి పోయి పాతపత్రికల కట్టలు విప్పుచున్నారు. ఒకనాటి సాయంకాలపు చదువు మరొకతరమువారికి చరిత్రకాధారమైనది.

పిదప శాసనములు వచ్చినవి. 1948లో మదరాసు రాష్ట్రమందును, 1955లో హైదరాబాదు రాష్ట్రమందును, 1960లో ఆంధ్రప్రదేశమందును గ్రంథాలయశాసనములు చేయబడెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపుపన్ను వసూలుచేయు నేర్పాటు కలిగినది. జిల్లాకొక గ్రంథాలయసంస్థ యేర్పడినది. ఇది గొప్ప లాభమే. చందాలకై ఇంటింటికి తిరిగిన పెద్దలు కోరినదియు ఇదియే. కాని లాభముతోపాటు ఒక నష్టము ప్రవేశించెను. పూర్వము గ్రంథాలయము చదువరి కాలమును చూచి నడచెను. ఇప్పుడు చదువరి కార్యాలయపు కాలమును చూచి నడువవలసివచ్చినది.

మా యనుభవ మొకటి చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట డిసెంబరు మాసమున ఒక చిన్న పట్టణమున మేము బంధువుల యింట నుంటిమి. ఆ యింటి పెద్దమ్మగారు డెబ్బదియేండ్లు దాటినవారు. కంటికి శుక్లములు వచ్చి అక్షరము కనబడదు. నెల క్రిందట జరిగిన వారోత్సవములో మనుమరాలికి ముగ్గులపోటీలో బహుమానముగ వచ్చిన పుస్తకమును మాచేత చదివించుకొని వినిరి. అది ముగిసినంతనే, “బాబూ, ఇటువంటిది ఇంకొకటి తెచ్చిపెట్టుదువా?” అని యడిగిరి. చీకటిపడువేళకు మేము గ్రంథాలయమునకు పోయితిమి. వాకిట వారోత్సవపు గుడ్డపట్టీ యింకను వ్రేలాడుచుండెను; తలుపునకు తాళము వేసియుండెను. అప్పుడే పనిముగించి వచ్చిన తాపీపనివాడొకడు పత్రిక చూతమని వచ్చి, మావలెనే తాళమును చూచి, మాట పలుకక మరలిపోయెను. ఉద్యోగిని నిందించుటకు మేమిది చెప్పుటలేదు. అతని కిచ్చిన గంటలు అతడు తెఱచియే యుండును. ఆ గంటలను నిర్ణయించినవారి మనస్సులో ఆ పెద్దమ్మగారును, ఆ తాపీపనివాడును లేరు. మేము వట్టిచేతులతో తిరిగివచ్చితిమి. పెద్దమ్మగారు, “పోనీలే, ఆ పాతదే మఱియొకమారు చదువు” అనిరి.

నేడు పట్టణములలోని గ్రంథాలయములు పాడుపడినవని చెప్పుట సత్యము కాదు. ఉద్యోగపరీక్షలకు చదువు యువతీయువకులతో అవి కిటకిటలాడుచున్నవి. ఇంట చోటులేని పిల్లలకు బల్లయు, దీపమును, నిశ్శబ్దమును ఇచ్చుట గొప్పసేవయే. కాని ఇంటిపని చేసికొను స్త్రీకి, చూపుతగ్గిన వృద్ధునకు, కూలివానికి గ్రంథాలయ మేమి చేయుచున్నది? ఇంటిపన్నులో వారి భాగమును కలదుగదా!

కావున మేము వినయపూర్వకముగ మూడు సంగతులు సూచించుచున్నాము. కార్తికము మొదలు మాఘమువఱకైనను గ్రంథాలయమును రాత్రి భోజనవేళవఱకు తెఱచియుంచవలెను. ఉద్యోగులు చాలకున్నచో ఊరి చదువరులు వంతులవారీగ తోడ్పడవలెను. వారమున కొకరాత్రి పఠనగోష్ఠి జరుపవలెను. ఒకరు చదువగా తక్కినవారు విందురు. అక్షరాస్యత పెరిగినది కావున ఇది యనవసరమని యనరాదు; శుక్లములు వచ్చిన కన్నులు అన్ని కాలములందు నున్నవి. ఇక మూడవది: నవంబరు వారోత్సవము బడిపిల్లలకు అనువైనదే గాని, వరికోతల దినములలో పల్లెవాని కది పనికిరాదు. రెండవపంట వేయు తావులలో మార్పు చేసికొనుచు, సంక్రాంతి గడచిన పిదప గ్రామములందు రెండవ వారోత్సవము జరుపవలెను. అందులో పోటీలకంటె పుస్తకములు ఇంటింటికి చేర్చుట ప్రధానముగ నుండవలెను.

ఇవి క్రొత్త యోచనలు కావు. బండ్లును, పడవలును, లాంతర్లును మాత్రమే కలవారు అంతకంటె కష్టమైన పనులు చేసిరి. మనకు దీపములున్నవి, బాటలున్నవి, శాసనమున్నది. చదువరులలో ప్రతి యింటివారును ఈ చలికాలమున ఒక్కసారి తమ యూరి గ్రంథాలయమునకు చీకటిపడిన వేళ పోయి చూడుడు. తలుపు తెఱచియున్నచో లోపలికి పోయి, ఇరుగుపొరుగున చూపులేనివారి కొకరికి చదివి వినిపించుటకై ఒక పుస్తకము తెచ్చుకొనుడు. మూసియున్నచో మఱునాడు పగటివేళ మఱల పోయి, ఏ గంటకు తెఱచిన మీకు వీలగునో వ్రాసి యిచ్చి రండు.